బ్రిటన్‌లో రైలు లేటైతే కోప్పడకండి, డబ్బులడగండి

భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి ఏటా సెప్టెంబరుకీ జనవరికీ బ్రిటన్ వెళ్ళే పిల్లల్ని లెక్కేస్తే వీధికొకరైనా తేలతారు. ఆ మరుసటేడు కాన్వొకేషన్ చూడ్డానికనో, మనవడు పుట్టాడనో వాళ్ళ అమ్మానాన్నలూ బయల్దేరతారు. వీసాకి ఏం కాగితాలు కావాలో, ఆవకాయ కారకుండా ఎలా కట్టాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ అక్కడ రైలెక్కడం గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. ఇంగ్లీషోళ్ళ రైలు కదా, గడియారం చూసి దిద్దుకోవచ్చు అని ఒక నమ్మకం మనకి. అక్కడివాళ్ళని అడగండి, వాన తర్వాత వాళ్ళు ఎక్కువగా తిట్టుకునేది రైళ్ళనే.

మన దగ్గర యుద్ధమంతా టికెట్ దొరకడం దగ్గరే. అరవై రోజుల ముందు బుకింగ్ తెరవగానే కూర్చోవాలి, లేదంటే తత్కాల్, లేదంటే వెయిటింగ్ లిస్టు. ఒకసారి బెర్తు కన్ఫర్మ్ అయిందంటే ఇక నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో కాళ్ళు చాపుకుని పడుకోవడమే. అక్కడ అంతా తిరగేసి ఉంటుంది. వెయిటింగ్ లిస్టు అన్నదే లేదు, రైలు బయల్దేరే ముందు కూడా టికెట్ ఇస్తారు, సీటు లేకపోతే నిలబడి వెళ్ళొచ్చు. కానీ ఏ రకం టికెట్ కొన్నారు, ఏ గంటకి ఎక్కారు, ఏ కంపెనీ బండి ఎక్కారు అన్నదాన్ని బట్టి అది చెల్లుతుందో లేదో తేలుతుంది. తప్పు మీదైతే అక్కడికక్కడే ఫైను. తప్పు వాళ్ళదైతే మీకు డబ్బు రావాలి, కానీ చాలాసార్లు మీరు అడిగితేనే వస్తుంది. అడిగేదెలాగో చెప్పడానికే ఇదంతా.

ముందు ఒక్క ముక్క చరిత్ర, ఎందుకంటే డబ్బు ఎవర్ని అడగాలో దీన్నిబట్టే తెలుస్తుంది. మనకి రైల్వే అంటే ఒకటే. వాళ్ళు 1993లో చట్టం చేసి రైల్వేని ముక్కలు చేసి ప్రైవేటుకి ఇచ్చారు. పట్టాలూ సిగ్నళ్ళూ ఇప్పుడు నెట్‌వర్క్ రైల్ అనే ప్రభుత్వ సంస్థవి, వాటి మీద నడిచే రైళ్ళు రకరకాల కంపెనీలవి. 2024లో మళ్ళీ చట్టం చేసి ఆ కంపెనీల్ని ఒక్కొక్కటిగా ప్రభుత్వంలోకి తీసుకోవడం మొదలెట్టారు. ఆ చట్టం కింద మొదట వచ్చింది సౌత్ వెస్టర్న్ రైల్వే, 2025 మే 25న. అయినా బండి మీద పేరు, వెబ్‌సైటు, ఫిర్యాదు ఫారం ఎవరివి వాళ్ళవే ఉన్నాయి. కాబట్టి ఎక్కిన ప్రతి రైలూ ఏ కంపెనీదో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

టికెట్ కొనేటప్పుడు

మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు: అడ్వాన్స్, ఆఫ్‌పీక్, ఎనీటైమ్.

అడ్వాన్స్ చవక, సాధారణంగా పన్నెండు వారాల ముందు నుంచి దొరుకుతుంది, కానీ అందులో రాసి ఉన్న ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. మీ తప్పు వల్ల రైలు తప్పిపోతే టికెట్ పోయినట్టే. దాని తర్వాతి బండి అదే ఊరికి పావుగంటలో వస్తున్నా ఎక్కకూడదు, ముందు బండి ఖాళీగా నిలబడి ఉన్నా ఎక్కకూడదు. మధ్యలో దిగి ఊరు చూసి మళ్ళీ ఎక్కుదామన్నా కుదరదు. బయల్దేరే ముందైతే కొంత రుసుము, ఛార్జీలో తేడా ఉంటే అది కూడా కట్టి మార్చుకోవచ్చు, డబ్బు మాత్రం వెనక్కి రాదు. ఆఫ్‌పీక్ అంటే రద్దీ లేని వేళల్లో ఏ బండైనా ఎక్కొచ్చు, ఒకటి తప్పితే ఇంకొకటి. రద్దీ వేళ ఏదన్నది రూటుకో రకంగా ఉంటుంది, పెద్ద ఊళ్ళలో పని రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర దాకా అనుకోండి, కొన్ని చోట్ల లండన్ నుంచి సాయంత్రం బయల్దేరే బళ్ళకి కూడా అడ్డు ఉంటుంది. టికెట్ మీద ఉన్న షరతు నొక్కి చదవాల్సిందే. ఎనీటైమ్ ఎప్పుడైనా చెల్లుతుంది, దాని ధర చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి. రైలు ఖరీదైన వ్యవహారం, కాలువలో పడవ చవక అని కాటన్ దొర జీవితాంతం వాదించాడు. మన డెల్టాలో ఆయన మాట ఎంతవరకు నిజమైందో గానీ వాళ్ళ దేశంలో ఎనీటైమ్ టికెట్ చూసినప్పుడు మాత్రం దొరకి దండం పెట్టాలనిపిస్తుంది.

ఏ రైలు కంపెనీ సైట్లోనైనా దేశంలోని అన్ని రైళ్ళ టికెట్లూ కొనొచ్చు, వాటిలో బుకింగ్ ఫీజు ఉండదు. టీవీల్లో ప్రకటనలు వేసుకునే యాప్‌లలో కొన్ని పైన ఫీజు వేస్తాయి, ఆ డబ్బు దండగ.

ఇంకో కిటుకు ఉంది, మొదట వింటే మోసంలా అనిపిస్తుంది గానీ పూర్తిగా చట్టబద్ధం. ఒకే ప్రయాణానికి ఒక టికెట్ బదులు మధ్య స్టేషన్ దగ్గర విరిచి రెండు టికెట్లు కొంటే కొన్నిసార్లు మొత్తం తగ్గుతుంది. మీరు బండి దిగక్కర్లేదు, సీటు మారక్కర్లేదు. ఒకటే షరతు: విరిచిన స్టేషన్‌లో ఆ బండి ఆగాలి. నర్సాపురం నుంచి రాజమండ్రికి ఒక టికెట్ కాకుండా నిడదవోలు దాకా ఒకటి, అక్కణ్ణుంచి ఇంకొకటి కొంటే చవకొచ్చిందంటే మనం నమ్మం, అక్కడ ఇది రోజూ జరిగేదే.

రైల్‌కార్డు తీసుకోకుండా అక్కడ తిరగడం చేజేతులా డబ్బు పోగొట్టుకోవడం. ఏడాదికి 35 పౌండ్లు, చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది, రెండు మూడు దూర ప్రయాణాల్లో కార్డు ఖర్చు వచ్చేస్తుంది. పదహారు నుంచి పాతికేళ్ళ వాళ్ళకి ఒకటి, ఇరవయ్యారు నుంచి ముప్ఫై వాళ్ళకి ఇంకొకటి. వయసు ముప్ఫై దాటినా ఫుల్‌టైమ్ చదువుతుంటే మొదటి కార్డే తీసుకోవచ్చు, యూనివర్సిటీ ధ్రువీకరణ ఉంటే చాలు. అరవై దాటిన అమ్మానాన్నలకి సీనియర్ రైల్‌కార్డు ఉంది, దానికి ఆ దేశ పౌరులే అయ్యుండాలన్న రూలు లేదు, స్టేషన్‌లో టికెట్ ఆఫీసుకి పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళి తీసుకోవచ్చు. మన రైల్వే 2020లో సీనియర్ సిటిజన్ల రాయితీ ఎత్తేశాక పెద్దాళ్ళు గొణుక్కుంటూనే ఉన్నారు కదా, అక్కడ తీర్చుకోండి. లండన్ చుట్టుపక్కల పొద్దుటి రద్దీలో మాత్రం అది చెల్లదు. అరవై లోపు దంపతులైతే ఇద్దరికీ కలిపి ఒకే కార్డు ఉంటుంది, ఇద్దరూ కలిసి ప్రయాణిస్తేనే, పని రోజుల్లో తొమ్మిదిన్నర తర్వాతే.

ఇక్కడే మన పిల్లలు దెబ్బతినేది. యువతకిచ్చే ఆ కార్డుతో సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున నాలుగున్నర, పది గంటల మధ్య ప్రయాణిస్తే కనీస ఛార్జీ అని ఒకటి ఉంటుంది, చిన్న దూరాలకి రాయితీ వర్తించదన్నమాట. యాప్ టికెట్ ఇచ్చింది కదా అని ఎక్కేస్తారు, లోపల టికెట్ తనిఖీ చేసేవాడు ఇది చెల్లదంటాడు. మూడు పౌండ్ల తేడాకి పెద్ద గొడవ. కార్డు గడువు అయిపోవడం, ఫోను చార్జింగ్ అయిపోయి కార్డు చూపించలేకపోవడం కూడా ఇలాంటివే. పవర్ బ్యాంకు వెంట ఉంచుకోండి, ఇది సలహా కాదు, వేడుకోలు.

ఫైను పడితే

ఇంగ్లండులో 2023 జనవరి నుంచి పెనాల్టీ ఫేర్ వంద పౌండ్లు, దానికి తోడు ఆ ప్రయాణానికి ఒకవైపు ఛార్జీ. ఇరవయ్యొక్క రోజుల్లో కడితే వంద కాస్తా యాభై అవుతుంది. అన్యాయంగా వేశారనిపిస్తే అదే ఇరవయ్యొక్క రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఇది క్రిమినల్ కేసు కాదు, కడితే అక్కడితో పోతుంది.

భయపడాల్సింది దీనికి కాదు, ఆ తర్వాత వచ్చే ఉత్తరానికి. కొన్ని సందర్భాల్లో ఫైను వెయ్యకుండా పేరూ అడ్రసూ రాసుకుని వదిలేస్తారు. మనవాడు హమ్మయ్య బయటపడ్డాననుకుంటాడు. కొన్ని వారాలకి కేసు పెట్టే ఆలోచనలో ఉన్నామంటూ ఉత్తరం వస్తుంది. దాన్ని చెత్తబుట్టలో వెయ్యడమో, ఈలోగా ఇల్లు మారిపోయి అసలు చూడకపోవడమో జరిగితే మీరు లేకుండానే మేజిస్ట్రేటు తేల్చేస్తాడు. టికెట్ ఎగ్గొట్టే ఉద్దేశంతో ప్రయాణించారంటూ పెట్టే కేసుకి ఆధారం 1889 నాటి చట్టం. శిక్ష పడితే తర్వాత వీసా దరఖాస్తులో ఆ ముక్క రాయాల్సి ఉంటుంది, మన పిల్లలకి అసలు నష్టం అక్కడ. అందుకని ఉత్తరం రాగానే జవాబివ్వండి, జరిగింది జరిగినట్టు రాయండి, ఛార్జీ కడతానని చెప్పండి, యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో ఉచితంగా సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వాళ్ళని కలవండి. చాలా కంపెనీలు కోర్టు దాకా పోకుండా కొంత డబ్బు తీసుకుని ముగించడానికి ఒప్పుకుంటాయి. వాళ్ళు పెట్టిన కేసులన్నీ సరైనవేనని కూడా అనుకోకండి, ఆ 1889 చట్టం కింద పెట్టకూడని పద్ధతిలో హడావుడిగా నడిపించిన వేలాది కేసులు చెల్లవని 2024 ఆగస్టులో చీఫ్ మేజిస్ట్రేటే తేల్చారు, దాదాపు 74,000 కేసుల మీద ఆ ప్రభావం పడింది.

విమానం దిగిన రోజు

హీత్రూలో దిగి అక్కణ్ణుంచి లీడ్స్‌కో, బర్మింగ్‌హామ్‌కో వెళ్ళేవాళ్ళు ఇంటి దగ్గరే కూర్చుని అడ్వాన్స్ టికెట్ కొనేస్తారు, చవక కదా అని. వద్దు. హైదరాబాద్ నుంచి విమానం లేటైనా, ఇమిగ్రేషన్ లైన్లో రెండు గంటలు నిలబడినా రైలు కంపెనీకి సంబంధం లేదు, మీ టికెట్ గాల్లో కలిసిపోతుంది. ఆ రోజుకి ఆఫ్‌పీక్ తీసుకోండి, లేదా హీత్రూ నుంచే చాలా ఊళ్ళకి నేరుగా బస్సులున్నాయి, వాటిలో వెళ్ళండి. రెండు ఇరవై మూడు కిలోల సూట్‌కేసులూ, వాటిలో ఆత్రేయపురం పూతరేకులూ పెట్టుకుని లండన్‌లో స్టేషన్లు మారడం పిల్లలాట కాదు, కూలీలు అసలుండరు.

లండన్‌కి మన సికింద్రాబాద్ లాంటి ఒక పెద్ద స్టేషన్ ఉందనుకోవద్దు, దిక్కుకొకటి ఉంటాయి. బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ వైపు యూస్టన్ నుంచి, లీడ్స్, న్యూకాజిల్ వైపు కింగ్స్‌క్రాస్ నుంచి, లెస్టర్, షెఫీల్డ్ వైపు సెయింట్ పాంక్రాస్ నుంచి, బ్రిస్టల్, కార్డిఫ్ వైపు ప్యాడింగ్టన్ నుంచి. ఊళ్ళో తిరిగే రైళ్ళకి బ్యాంకు కార్డు గేటు మీద తాకిస్తే చాలు, లోపలికి ఏది తాకించారో బయటికీ అదే తాకించాలి. అదే కార్డు ఫోన్లో ఉన్నా మిషను దాన్ని వేరే కార్డనే అనుకుని రెండిటికీ ఎక్కువ ఛార్జీ కోస్తుంది. నాన్నకీ అమ్మకీ చెరో కార్డు ఉండాలి, ఒకటే కార్డు ఇద్దరికీ తాకిస్తే కుదరదు.

ప్లాట్‌ఫారం ఎన్నో నంబరో చివరి నిమిషాల దాకా చెప్పకపోవడం అక్కడ పెద్ద తలనొప్పి, యూస్టన్ దీనికి బాగా పేరుపడింది. నంబరు బోర్డు మీద పడగానే జనం ఒక్కసారిగా పరిగెడతారు, పుష్కరాలకి ఘాట్ తెరిచినట్టుంటుంది. రియల్‌టైమ్ ట్రైన్స్ అనే సైటు చూడండి, బండి ఏ ప్లాట్‌ఫారం మీదకి రావచ్చో చాలాసార్లు బోర్డు కంటే ముందే అందులో కనిపిస్తుంది. రాసిన టైముకి అర నిమిషం ముందే తలుపులు మూసేస్తారు, కొన్ని చోట్ల ఇంకా ముందు. కదిలే బండిని పట్టుకుని ఎక్కడం లాంటివి ఇక్కడే వదిలేసి వెళ్ళండి. ఇంకొకటి, కొన్ని బళ్ళు మధ్యలో రెండుగా విడిపోయి చెరో ఊరికి వెళ్తాయి, ముందు నాలుగు పెట్టెలు ఎటు, వెనక నాలుగు ఎటు అన్నది అనౌన్స్‌మెంటులో వినండి.

ఎప్పుడు చేతులెత్తేస్తాయి

ఆదివారాలు, సెలవులు. పట్టాల పనులన్నీ అప్పుడే పెట్టుకుంటారు. రైలు బదులు బస్సు ఎక్కిస్తారు, గంట ప్రయాణం రెండు గంటలవుతుంది. క్రిస్మస్ రోజు రైళ్ళు అసలు నడవవు, మర్నాడు కూడా దాదాపు అంతే, దీపావళికీ సంక్రాంతికీ స్పెషల్ బళ్ళు వేసే మనకిది వింతగానే ఉంటుంది. డిసెంబరు 25న విమానం దిగేలా టికెట్ చవకగా దొరికిందని సంబరపడకండి, ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికెలా వెళ్తారో ముందు చూసుకోండి.

అక్టోబరు, నవంబరుల్లో ఆకులు రాలి బళ్ళు లేటని బోర్డు మీద పడితే వేళాకోళం అనుకుంటారు గానీ నిజమే. తడి ఆకుల్ని చక్రాలు నలిపి నలిపి పట్టా మీద నల్లటి జారుడు పొరలా చేస్తాయి, బ్రేకులు పట్టవు. దాన్ని నీళ్ళ ధారతో కడగడానికి ప్రత్యేకంగా రైళ్ళే ఉన్నాయి. ఎండాకాలం ఇంకో గోల. వాళ్ళ పట్టాలు 27 డిగ్రీల వేడికి లెక్కేసి బిగించినవి, ఎండకి పట్టా గాలి కంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది, వంగిపోతుందన్న భయంతో వేగం తగ్గించేస్తారు. 2022 జులైలో తొలిసారి 40 దాటితే ఉత్తరాదికి వెళ్ళే పెద్ద లైను ఆపేశారు. మే నెలలో రాజమండ్రి వాళ్ళకి ఈ మాట చెబితే నవ్వుతారు గానీ మన పట్టాలు మన ఎండకి లెక్కేసి వేసినవి, అంతే తేడా.

డబ్బు అడిగే పద్ధతి

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర బండి మూడు గంటలు దాటి లేటైతే, ఎక్కకుండా మానుకుని టీడీఆర్ (డబ్బు వాపసు కోసం రైల్వేకి పెట్టే దరఖాస్తు) వేస్తే డబ్బొస్తుంది. ఎక్కి వెళ్ళి ఆరు గంటలు లేటుగా దిగితే ఏమీ రాదు, తిట్టుకోవడమే. అక్కడ ఎక్కి వెళ్ళినా వస్తుంది. దాని పేరు డిలే రిపే.

లెక్క ఇలా ఉంటుంది. 60 పౌండ్ల సింగిల్ టికెట్ అనుకోండి. గమ్యానికి పదిహేను నిమిషాలు లేటైతే పావు వంతు, అంటే 15. అరగంటైతే సగం, 30. గంట దాటితే మొత్తం 60. రానూపోనూ టికెట్ అయితే సగాన్ని ఒకవైపు కింద లెక్కేస్తారు, రెండు గంటలు దాటితే మాత్రం రానూపోనూ మొత్తం ఇస్తారు. కొన్ని కంపెనీలు పదిహేను నిమిషాలకి ఇవ్వవు, అరగంట నుంచి మొదలెడతాయి. కారణం ఆకులా, సిగ్నలా, డ్రైవరు రాలేదా అన్నదాంతో పని లేదు. చూసేది మీరు చివరికి చేరిన టైము. మొదటి బండి ఎనిమిది నిమిషాలే లేటైనా దానివల్ల రెండో బండి తప్పి గంట ఆలస్యంగా చేరితే గంటే లెక్క, విరిచి కొన్న టికెట్లకి కూడా అంతే. అలా కనెక్షన్ తప్పినప్పుడు అడ్వాన్స్ టికెట్‌తోనే తర్వాతి బండి ఎక్కొచ్చు, కానీ ఎక్కేముందు అక్కడి సిబ్బందికి ఒక మాట చెప్పండి, ఫోన్లో మొదటి బండి లేటు చూపిస్తున్న స్క్రీన్ ఫొటో తీసుకోండి.

ఇరవై ఎనిమిది రోజుల్లోపు, ఏ కంపెనీ బండి వల్ల లేటైందో ఆ కంపెనీ సైట్లో అడగాలి. పదినిమిషాల పని. టికెట్ ఫొటో, ఎక్కాల్సిన బండి టైము, నిజంగా చేరిన టైము, బ్యాంకు ఖాతా. వోచరు ఇస్తామంటే వద్దని ఖాతాలోనే వెయ్యమనండి. కాగితం టికెట్ అయితే ఒక జాగ్రత్త: దిగే స్టేషన్‌లో బయటికొచ్చే గేటు ఆ టికెట్‌ని మింగేస్తుంది, తిరిగివ్వదు. బండిలో ఉండగానే ఫొటో తీసుకోండి, లేదా గేటు దగ్గరున్న మనిషికి చూపించి టికెట్ చేతిలోనే ఉంచుకుని బయటికి రండి. పనుల వల్ల టైంటేబుల్ ముందే మార్చి ప్రకటిస్తే ఆ కొత్త టైముతోనే పోలుస్తారు, పాత టైముతో కాదు.

మనవాళ్ళు చాలామంది పౌండో రెండో వస్తే ఏం లాభమని వదిలేస్తారు, కొందరికి అడగడం నామోషీ. పనికి రోజూ రైల్లోనే వెళ్తుంటే ఏడాదికి ఆ డబ్బు తక్కువేం ఉండదు, పైగా అది దానం కాదు. బండి రద్దయ్యో బాగా లేటయ్యో మీరు ప్రయాణమే మానుకుంటే, అడ్వాన్స్ టికెట్ అయినా సరే, కొన్నచోట అడిగితే రుసుము లేకుండా పూర్తి డబ్బు ఇస్తారు. సమ్మె రోజులకీ అంతే.

రాత్రి చివరి బండి రద్దయితే? వెంటనే ట్యాక్సీ బుక్ చేసి ఎనభై పౌండ్లు పోసుకోకండి. మిమ్మల్ని గమ్యానికి చేర్చే ఏర్పాటు, అది కుదరకపోతే ఆ రాత్రికి బస, వీలైనంతవరకు రైల్వేనే చూడాలని ప్రయాణ నిబంధనల్లోనే ఉంది. స్టేషన్‌లో మనిషి కనిపించకపోతే ప్లాట్‌ఫారం మీద హెల్ప్ పాయింట్ అని బటన్ ఉన్న పెట్టె ఉంటుంది, నొక్కి అడగండి. మాట మర్యాదగా, కానీ గట్టిగా.

అమ్మానాన్నలు ఒంటరిగా వస్తుంటే ప్యాసింజర్ అసిస్ట్ అని ఉచిత సాయం ఉంది. మోకాళ్ళ నొప్పులున్నా చాలు, ప్రయాణానికి రెండు గంటల ముందు దాకా ఫోనులోనో యాప్‌లోనో చెప్పొచ్చు, సిబ్బంది వచ్చి బండెక్కించి, దిగే చోట ఇంకొకరు దించుతారు. అయినా దించే మనిషి రావడం మర్చిపోయిన సందర్భాలు ఉంటాయి, అందుకని పిల్లలెవరైనా ఆ టైముకి ఫోన్లో అందుబాటులో ఉండండి. సాయం దొరక్కపోతే దానికీ పరిహారం అడగొచ్చు.

కంపెనీ మీ క్లెయిము కొట్టేస్తే వదిలెయ్యకండి. అప్పీలు బటన్ అక్కడే ఉంటుంది, మొదటిసారి కాదన్నది రెండోసారి ఇచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. అప్పటికీ కాదంటే ఫిర్యాదుగా రాయండి, ఇదే మా ఆఖరి జవాబు అని వాళ్ళు ఉత్తరం ఇచ్చాక ప్రయాణికుల ఫిర్యాదులు తేల్చే రైల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. 2018లో పెట్టారు, ప్రయాణికులకి పైసా ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు, మీకు అనుకూలంగా తీర్పిస్తే కంపెనీ పాటించి తీరాలి. అంతవరకు టికెట్ ఫొటోలూ, వాళ్ళ ఈమెయిళ్ళూ డిలీట్ చెయ్యకండి.